అదే ఎలుక, మళ్ళీ

భిలాయిలో ఉక్కు పని తెలిసిన ఇంట్లో ‘హీట్’ అంటే ఏమిటని ఎవరూ అడగరు. కన్వర్టర్‌లో ఒక విడత కాచి పోసిన ఉక్కంతా ఒక హీట్. దాన్నుంచి వచ్చిన పట్టాల్లో ఒకదాని ముక్క కోసి, రెండు కొసలా పట్టి, తెగేదాకా లాగి చూస్తారు. ఆ ముక్క ఇక దేనికీ పనికిరాదు. అయినా నష్టం లేదు. ఆ హీట్‌లో పుట్టిన పట్టాలన్నిటిదీ ఒకే రసాయనం కాబట్టి ఒకదాని బలం తెలిస్తే మిగతావాటిదీ తెలిసినట్టే. వైద్య పరిశోధన చాలాకాలం ప్రాణుల విషయంలోనూ ఈ లెక్కే నమ్ముకుంది. ముప్పై చిట్టెలుకలకు ఒకే రోజు ఒకే మందు ఇచ్చారనుకుందాం. అరగంటకు ఐదింటిని, గంటకు ఐదింటిని, నాలుగు గంటలకు ఐదింటిని, ఇలా ఆరు విడతల్లో చంపి, కాలేయం, మూత్రపిండాలు, కణితి విడివిడిగా తీసి, తూచి, మందు ఎంత చేరిందో కొలుస్తారు. ఆరు చుక్కలు కలిపి ఒక గీత గీస్తారు. ఆ గీతలో ఏ ఒక్క ఎలుక కథా లేదు. గంట దగ్గర ప్రాణం పోయిన ఎలుక మర్నాటికి ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు. పైగా చిట్టెలుకలు ఒకే హీట్ ఉక్కు కావు. జన్యువులు ఒకేలా ఉండేటట్టు తరతరాలుగా పెంచిన వంశంలో కూడా ఒకటి ఎక్కువ తింటుంది, ఒకటి తోటివాటి చేత కరిపించుకుంటుంది, ఒకదాని కణితి మిగతావాటికంటే వారం ముందే ముదురుతుంది. రేడియోధార్మిక మందుతో ఒంటి లోపలి బొమ్మ తీసే న్యూక్లియర్ మెడిసిన్ పరికరాలను చిట్టెలుక కొలతకు కుదించి తయారుచేయడం వల్ల వచ్చిన అసలు లాభం అందమైన రంగుల బొమ్మ అని చాలామంది అనుకుంటారు. నా వాదన వేరు. అదే ఎలుకను రేపు మళ్ళీ చూడగలగడం, దాని నిన్నటి కొలతతోనే దాని ఇవాళ్టి కొలతను పోల్చగలగడం, అదీ అసలు లాభం. ఈ పద్ధతి ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో ఆ ఒక్క లాభాన్ని బట్టే తేల్చవచ్చు.

జాడ తీసే పదార్థంతో లోపలి సంగతి బయటినుంచి తెలుసుకోవడం ఉక్కు ఊరికి కొత్త విద్య కాదు. బ్లాస్ట్ ఫర్నేస్ లోపలి ఇటుక ఎంత అరిగిందో తెలుసుకోవడానికి ప్రపంచంలో చాలా కర్మాగారాలు కోబాల్ట్-60 బిళ్ళలను ఇటుకల్లో వేర్వేరు లోతుల్లో పెట్టి కట్టాయి. ఇటుక అరుగుతూ బిళ్ళదాకా వస్తే అది కరిగి ఇనుములో కలిసిపోతుంది. బయట గోడ దగ్గర పెట్టిన పరికరంలో గామా కిరణాల లెక్క పడిపోతుంది. కొలిమి ఆపి చూడనక్కర్లేదు. కృత్రిమంగా తయారుచేసిన రేడియోధార్మిక పరమాణువులతో ప్రాణుల్లో ఈ పని 1935లో ఎలుకలతోనే మొదలైంది. కోపెన్‌హేగన్‌లో జార్జ్ హెవెసీ, ఒట్టో షివిట్జ్ కలిసి ఎలుకలకు రేడియోధార్మిక ఫాస్ఫరస్-32 కలిపిన ఆహారం పెట్టారు. ఎముక ఒకసారి కట్టాక కదలదని అప్పటిదాకా ఉన్న నమ్మకం. ఎముకలోని ఫాస్ఫరస్ నిత్యం పోతూ, కొత్తది వస్తూ ఉంటుందని, ఎలుక ఒంట్లో ఒక ఫాస్ఫరస్ పరమాణువు సగటున రెండు నెలలే ఉంటుందని వాళ్ళు చూపించారు. ఇక్కడ మన భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గుర్తుకు రావాలి. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఆయన ఇచ్చిన రంగు పరీక్ష రక్తంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో చెప్పింది. ఆ పద్ధతి లేకుండా ఆ కాలపు జీవరసాయనం లేదు. కానీ రంగు పరీక్షకు పాత ఫాస్ఫరసూ నిన్న తిన్న ఫాస్ఫరసూ ఒకటే. ఏది ఎప్పుడు వచ్చిందో చెప్పగలిగింది రేడియోధార్మిక పరమాణువు. ‘ఎంత’ అనే ప్రశ్న పక్కన ‘ఎప్పుడు’ అనే ప్రశ్న అలా వచ్చి చేరింది. అయితే హెవెసీ కూడా జవాబు కోసం ఎలుకను చంపి ఎముక తీయాల్సిందే. కాలాన్ని కొలిచే జాడ దొరికింది కానీ బతికున్న ప్రాణిలో దాన్ని చూసే కన్ను లేదు.

ఆ లోటు ఎంత పెద్దదో మెదడు పరిశోధన చూస్తే తెలుస్తుంది. లూయీ సోకోలాఫ్ బృందం 1977లో ప్రచురించిన పద్ధతిలో, కార్బన్-14 తగిలించిన డీఆక్సీగ్లూకోజ్ అనే చక్కెరను ఎలుకకు ఎక్కిస్తారు. మెదడులో ఏ భాగం ఎక్కువ పనిచేస్తుంటే అక్కడ ఆ చక్కెర ఎక్కువ పేరుకుంటుంది. ముప్పావు గంటకు ఎలుకను చంపి, మెదడును పలచటి పొరలుగా కోసి, ఫిల్మ్ మీద పరుస్తారు. అద్భుతమైన బొమ్మ వస్తుంది, కానీ ఒక్కటే వస్తుంది. అదే ఎలుక నిద్రపోయినప్పుడు ఎలా ఉంటుందో, మందు వేశాక ఎలా ఉంటుందో అడగడానికి ఎలుక లేదు. మనిషి మీద ఈ పద్ధతి అసలే కుదరదు కాబట్టి అదే చక్కెరకు కార్బన్-14 బదులు ఫ్లోరిన్-18 తగిలించారు. అది విడుదల చేసే పాజిట్రాన్ దగ్గరలోని ఎలక్ట్రాన్‌తో కలిసి నశించి, 511 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల గామా కిరణాలు రెండు ఎదురెదురు దిక్కుల్లో వెళ్తాయి. ఆ రెండింటినీ ఒకేసారి పట్టుకునే వలయమే పెట్ స్కానర్. 1976 ఆగస్టులో అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో తయారైన ఈ చక్కెర మందును, ఫ్లోరిన్-18 అర్ధాయువు 110 నిమిషాలే కాబట్టి, విమానంలో హుటాహుటిన ఫిలడెల్ఫియా చేర్చి మొదటిసారి మనుషులకు ఎక్కించారు. ఇవాళ క్యాన్సర్ రోగులకు చేసే పెట్-సీటీ వెనక ఉన్నది ఆ మందే. చిత్రమేమిటంటే ఎలుకలో పుట్టిన పద్ధతి మనిషికి బతికున్న బొమ్మగా మారాక, తిరిగి ఎలుక దగ్గరికి అదే రూపంలో రావడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది.

ఆలస్యానికి కారణం చిట్టెలుక చిన్నతనం. మనిషి 70 కిలోలు, చిట్టెలుక 25 గ్రాములు, అంటే 2,800 రెట్ల తేడా. ఒక్కో కొలతలో చూస్తే దాని ఘనమూలం, సుమారు 14 రెట్లు. ఆసుపత్రి పెట్ ఐదు మిల్లీమీటర్ల వివరం చూపిస్తుందనుకుంటే, చిట్టెలుకలో అంతే సూక్ష్మంగా చూడటానికి మిల్లీమీటరులో మూడో వంతు కావాలి. సైమన్ చెర్రీ బృందం 1997లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్‌లో కట్టిన మైక్రోపెట్ రెండు మిల్లీమీటర్ల లోపుకు దిగింది. వలయం చిన్నది కావడం అందుకు కలిసొచ్చింది. రెండు గామా కిరణాలు కచ్చితంగా సరళరేఖలో వెళ్ళవు, కాస్త పక్కకు జరుగుతాయి. వలయం ఎంత పెద్దదైతే ఆ తప్పు అంత పెరుగుతుంది. ఆ తర్వాతి యంత్రాలు మిల్లీమీటరు దాకా వచ్చాయి. అక్కడ ప్రకృతి ఒక గీత గీసింది. ఫ్లోరిన్-18 నుంచి వచ్చిన పాజిట్రాన్ నశించే ముందు సగటున అర మిల్లీమీటరు పైగా ప్రయాణిస్తుంది. బొమ్మలో కనబడేది అది చచ్చిన చోటే గాని పుట్టిన చోటు కాదు. స్పెక్ట్ అనే రెండో పద్ధతికి ఈ అడ్డు లేదు. టెక్నీషియం-99ఎమ్ లాంటి ఐసోటోపు నేరుగా గామా కిరణం ఇస్తుంది. టంగ్‌స్టన్ పలకలో సూదిబెజ్జం చేసి ఎలుకకు దగ్గరగా పెడితే, వెనక ఉన్న పెద్ద డిటెక్టరు మీద బొమ్మ పెద్దదై పడుతుంది. అర మిల్లీమీటరు కంటే చిన్నవీ కనిపిస్తాయి. దానికి చెల్లించే ధర, కిరణాల్లో అత్యధిక భాగం ఆ పలక దగ్గరే ఆగిపోవడం.

ఇక ఈ కన్ను ఎవరికి కావాలి? భిలాయి ఉన్న ఛత్తీస్‌గఢ్‌కు కావాలి. సికిల్ సెల్ జబ్బు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఇదొకటి. హీమోగ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం మారడం వల్ల ఎర్రకణం, ఆక్సిజన్ తగ్గినప్పుడు కొడవలిలా వంగి గట్టిపడుతుంది. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే ఇది పది నుంచి ఇరవై రోజులే బతుకుతుంది. ఈ ఆయుష్షు కొలతల్లో విరివిగా వాడింది కూడా న్యూక్లియర్ మెడిసిన్‌ విద్యే. రక్తం కొంచెం తీసి క్రోమియం-51 తగిలించి తిరిగి ఎక్కించి, రోజురోజుకూ ఎంత మిగిలిందో కొలిచారు. కానీ రోగిని, రోగి ఇంటివాళ్ళను కుంగదీసేది ఈ రక్తహీనత ఒక్కటే కాదు, చెప్పాపెట్టకుండా వచ్చే నొప్పి. కణాలు సన్నటి రక్తనాళాల గోడలకు అతుక్కుని దారి మూసేస్తాయి, ఎముకలో మజ్జ చచ్చిపోతుంది, పిల్లవాడు మెలికలు తిరిగిపోతాడు. నాలుగు రోజులకు తగ్గుతుంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చిపోయే జబ్బును చంపి కోసే పద్ధతితో ఎలా చదువుతాం? నొప్పికి ముందు చంపిన ఎలుకకు నొప్పి వచ్చేదో లేదో తెలియదు. నొప్పిలో చంపిన ఎలుక కోలుకునేదో లేదో తెలియదు. ముందు, మధ్య, తర్వాత అనే మూడు దశలూ ఒకే ప్రాణిలో చూడాలి. 1997లో అమెరికాలో బర్క్‌లీలో ఒక బృందం, అలబామాలో మరొక బృందం చిట్టెలుక సొంత గ్లోబిన్ జన్యువులు తీసేసి మనిషి సికిల్ జన్యువులు పెట్టిన వంశాలను తయారుచేశాయి. 2020లో పిట్స్‌బర్గ్ శాస్త్రవేత్తలు అలాంటి చిట్టెలుకల్లో, రక్తకణాలు గోడకు అతుక్కోవడానికి వాడుకునే వీఎల్ఏ-4 అనే ప్రోటీన్‌ను వెతికిపట్టే అణువుకు కాపర్-64 తగిలించి, ఆ అతుక్కునే గుణాన్ని పెట్ బొమ్మలో సూచికగా వాడవచ్చని చూపారు. మందు పనిచేస్తోందా అని తెలుసుకోవడానికి తర్వాతి నొప్పి వచ్చేదాకా ఎదురుచూడక్కర్లేని రోజు ఇలాంటి పనుల వల్లే రావాలి.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటేయకూడదు. చిట్టెలుక మనిషి కాదు. సికిల్ జబ్బులోనే ఇందుకు కళ్ళకు కట్టే సాక్ష్యం ఉంది. ఆఫ్రికా సంతతి రోగుల్లో ప్లీహం చిన్నతనంలోనే పదేపదే దెబ్బతిని, ముడుచుకుపోయి, పనికిరాకుండా పోతుంది. మధ్యభారతంలో ఎక్కువగా కనిపించే అరబ్-ఇండియన్ రకం జన్యువున్న మన రోగుల్లో గర్భస్థ శిశు హీమోగ్లోబిన్ ఎక్కువగా ఉండటం వల్ల ప్లీహం చాలా ఏళ్ళు నిలుస్తుంది, చాలామందిలో పెరిగి చేతికి తగులుతుంది. చిట్టెలుకది మూడో దారి. దాని ప్లీహం బతికినన్నాళ్ళూ రక్తం తయారుచేసే అవయవం కూడా కాబట్టి, సికిల్ చిట్టెలుకలో అది విపరీతంగా ఉబ్బుతుంది. మన రోగి ప్లీహమూ పెరుగుతుంది, చిట్టెలుక ప్లీహమూ పెరుగుతుంది, బొమ్మలు చూస్తే ఒకేలా ఉన్నాయనిపిస్తుంది. రెండింటి కారణాలు ఒకటి కావు. ఆ పోలికను నమ్మి మందు నిర్ణయిస్తే తప్పు దారి పడతాం. అందుచేత చిట్టెలుకను అడగదగ్గ ప్రశ్నలున్నాయి, అడగకూడని ప్రశ్నలున్నాయి. నాళాల గోడలకు కణాలు అతుక్కోవడం అడగవచ్చు. ప్లీహం గతి అడగకూడదు. అయితే ఈ అభ్యంతరం చంపి కోసే పద్ధతికి మరింత గట్టిగా తగులుతుంది. బొమ్మ తీసే పద్ధతికి ఒక సౌకర్యం ఉంది. చిట్టెలుకకు వాడిన మందునే, అదే ఐసోటోపుతో, బరువులో అతి స్వల్పంగా మనిషికీ ఇచ్చి, తేడా ఎక్కడుందో నేరుగా చూడవచ్చు. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు వాడే పీఎస్ఎమ్ఏ-617 అణువు ఈ దారినే వచ్చింది. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో చిట్టెలుకల్లో పెంచిన కణితులపై పరీక్షించిన ఆ అణువు, లుటీషియం-177తో కలిసి 2022లో అమెరికాలో అనుమతి పొందిన వైద్యమైంది. లుటీషియం-177ను మన ట్రాంబేలోని రియాక్టరులోనూ తయారుచేస్తారు.

రెండో అభ్యంతరం యంత్రం గదిలోంచే వస్తుంది. బొమ్మ తీయడమే ప్రాణిని మార్చేస్తే? మార్చేస్తుంది. చిట్టెలుకకు హాయిగా ఉండేది 30 డిగ్రీల దగ్గర. ప్రయోగశాల గదులు మనిషి సుఖం కోసం 22 డిగ్రీలకు అటూఇటూ ఉంటాయి. చలికి అది ఒంట్లోని గోధుమరంగు కొవ్వును మండించుకుంటుంది, ఆ కొవ్వు చక్కెరను లాగేస్తుంది. ఫ్లోరిన్-18 చక్కెర ఎక్కించి బొమ్మ తీస్తే భుజాల మధ్య కొవ్వు వెలిగిపోతుంది, కణితి మసగ్గా మిగులుతుంది. ఎలుకను వెచ్చగా ఉంచి, కొన్ని గంటలు మేత ఆపి అదే మందు ఎక్కిస్తే కొవ్వు, కండరం చల్లబడి కణితి తేటగా కనిపిస్తుంది. 2006లోనే లాస్ ఏంజెలెస్ శాస్త్రవేత్తలు ఈ తేడాను వివరంగా చూపారు. కదలకుండా ఉండటానికి ఇచ్చే ఐసోఫ్లూరేన్ మత్తు రక్తంలో చక్కెరను, గుండె వేగాన్ని మారుస్తుంది. నిమిషానికి 500 సార్లకు పైగా కొట్టుకునే గుండెకు అది చిన్న విషయం కాదు. ఒంట్లో మొత్తం రక్తం రెండు మిల్లీలీటర్లకు మించని ప్రాణికి, మందు అణువులు కాస్త ఎక్కువైనా అవి అంటుకునే చోట్లన్నీ నిండిపోయి కొలత తప్పుతుంది. పదేపదే స్కాన్ చేస్తే రేడియేషన్ మోతాదు కూడా పోగవుతుంది, కణితి పెరుగుదలనే అది తగ్గించే ప్రమాదం ఉంటుంది. ఇవన్నీ నిజాలు. కానీ ఇవి నియంత్రించదగ్గ దోషాలు. పరీక్షిస్తున్న చికిత్స ఇవ్వని జత ఎలుకలను అదే గదిలో, అదే మత్తులో, అదే మోతాదులో పెట్టి చూస్తే తప్పు ఎంతో తేలుతుంది. గది ఉష్ణోగ్రత, మేత ఆపిన గంటలు, మత్తు వివరాలు రాయని పరిశోధన పత్రాన్ని, దానిలో బొమ్మ ఎంత బాగున్నా, పక్కన పెట్టడం మంచిదని నా అభిప్రాయం.

బొమ్మ ఎప్పటికీ చూపలేని సంగతి ఒకటుంది. దాన్ని తేటతెల్లం చేసినవాళ్ళు అమెరికాలో పనిచేసిన తెలుగు శాస్త్రవేత్తలు కావడం మనం చెప్పుకోదగ్గ విషయం. గుండె స్కాన్‌కు వాడే థాలియం-201, గామా కిరణాలతో పాటు ఓజె ఎలక్ట్రాన్లు అనే అతి బలహీనమైన కణాలను గుంపులుగా వదులుతుంది. అవి కణం దాటి పోలేవు, పుట్టినచోటే శక్తినంతా వదిలేస్తాయి. అవయవం మొత్తానికి సగటు తీసే మామూలు లెక్కలో అవి పెద్ద ప్రమాదంగా కనబడవు. న్యూజెర్సీలో దండమూడి వి. రావు, మసాచుసెట్స్‌లో కందుల శాస్త్రి సహచరులతో కలిసి చిట్టెలుక వృషణాలలో థాలియం-201 ప్రభావాన్ని వీర్యకణాల లెక్కతో కొలిచారు. సగటు లెక్క ఊహించినదానికంటే నష్టం బాగా ఎక్కువని, ఆ లెక్క చాలదని 1983లో ప్రచురించారు. మిల్లీమీటరు వివరం చూపే ఏ స్కానరూ ఈ సంగతి పట్టుకోలేదు, ఎందుకంటే జరిగినది కణకేంద్రకం కొలతలో. ఐదు ఎలుకల బొమ్మలు ముప్పై ఎలుకల ప్రాణాలు కాపాడతాయన్న మాటను కూడా అందుకే జాగ్రత్తగా అనాలి. చివరి రోజున అవయవాలు తీసి గామా కౌంటరులో లెక్కపెట్టి, బొమ్మలోని అంకెలు సరైనవో కావో చూడక తప్పదు. ప్రాణుల వాడకం తగ్గుతుంది, పూర్తిగా ఆగదు.

అయితే ప్రాణులే వద్దు, గాజుపలక మీద పెంచిన అవయవ కణజాలం, కంప్యూటరు చాలు అనేవాళ్ళకు జవాబేమిటి? వాళ్ళ వైపు బలం పెరుగుతోంది, పెరగడం మంచిదే. అమెరికా 2022 చివర్లో, మన దేశం 2023లో కొత్త మందుల నియమాలు సవరించి ఇలాంటి పద్ధతులకు చోటిచ్చాయి. విషప్రభావం తొలిదశలో తేల్చడానికి అవి చాలాసార్లు మేలు కూడా. కానీ ఎక్కించిన మందు రక్తంలో తిరిగి, కాలేయంలో విరిగి, మూత్రపిండంలో ఆగి, మిగిలింది మజ్జకు చేరడం అనే మొత్తం ప్రయాణాన్ని ఏ పలకా ఇంకా చూపలేదు. రేడియోధార్మిక మందుకు ఆ ప్రయాణమే సర్వస్వం. కణితికి ఎంత చేరిందన్నది సగం ప్రశ్న, మూత్రపిండంలో ఎంతసేపు నిలిచిందన్నది మిగతా సగం. ఆ రెండో సగం తేలకుండా ఏ రోగికీ ఆ మందు ఎక్కించకూడదు.

ఇక మన దేశంలో చూస్తే, ముంబయి దగ్గర ఖార్‌ఘర్‌లోని టాటా మెమోరియల్ సెంటర్ వారి క్యాన్సర్ పరిశోధన కేంద్రం యాక్ట్రెక్‌లో, ఢిల్లీలోని న్యూక్లియర్ మెడిసిన్ సంస్థ ఇన్‌మాస్‌లో చిన్న ప్రాణుల స్కానర్లున్నాయి. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు ప్రయోగశాల ప్రాణులను పెంచడంలో దశాబ్దాల అనుభవం ఉంది. సికిల్ రోగులు మాత్రం ఇక్కడున్నారు, బస్తర్ నుంచి దుర్గ్ దాకా. ఫ్లోరిన్-18 తయారుచేసే సైక్లోట్రాను యంత్రం మీద ఆధారపడే పెట్‌కంటే భిలాయి లాంటి చోటుకు సూదిబెజ్జపు స్పెక్ట్ నప్పుతుందని నేననుకుంటాను. టెక్నీషియం కోసం యంత్రం అక్కర్లేదు. 66 గంటల అర్ధాయువున్న మాలిబ్డినం-99 నింపిన చిన్న జనరేటరు పార్సిల్లో వస్తుంది, ఉప్పునీరు పోస్తే ఆరు గంటల అర్ధాయువున్న టెక్నీషియం దిగుతుంది, వారం రోజుల పైన పనికొస్తుంది. సికిల్ రోగి ఎముకలో ఎక్కడ మజ్జ చచ్చిందో చూడటానికి న్యూక్లియర్ మెడిసిన్ విభాగాల్లో వాడే మందునే చిట్టెలుకకూ వాడవచ్చు. 2016లో మొదలై ఇప్పుడు కుటేలాభాటాలో సొంత ప్రాంగణమున్న ఐఐటీ భిలాయిలో ఇంజినీర్లున్నారు, గంట దూరంలో రాయపూర్ ఎయిమ్స్‌లో వైద్యులున్నారు. వీళ్ళిద్దరూ కలిసి అడగాల్సిన యంత్రం ఇది. అడిగేటప్పుడు స్కానరు ధరతో పాటు ఎలుకలను 30 డిగ్రీల దగ్గర ఉంచే గది ఖర్చు కూడా మొదటి పేజీలోనే రాయాలి.